మత్తు ఇచ్చి తీసిన గుండె స్కాన్‌ను ఎంతవరకు నమ్మాలి?

ప్రశ్న: మాది మొయినాబాద్ దగ్గర చిన్న ఫారం. రేసుల నుంచి రిటైరైన ఒక ఆడగుర్రాన్ని కొని పెంచుకుంటున్నాం. థరోబ్రెడ్, 11 ఏళ్లు, బరువు 480 కిలోల దాకా ఉంటుంది. పదిహేనేళ్ల మా అమ్మాయి దాని మీదే స్వారీ నేర్చుకుంది. గత నెల టీకాలు వేయడానికి వచ్చిన డాక్టరుగారు స్టెతస్కోపుతో విని, "ఎడమవైపు గుండెలో శబ్దం ఉంది, ఆరింటిలో మూడో గ్రేడు, ఎకో తీయించండి" అన్నారు. స్కాన్ చేసే డాక్టరు మెషీన్ తీసుకుని ఫారానికే వచ్చారు. వెంట్రుకలు తీసే క్లిప్పర్ ఆన్ చేయగానే గుర్రం బెదిరి తన్నబోయింది. వెంటనే మెడ నరానికి జైలజీన్ అనే మత్తుమందు ఇచ్చి, అది తల వేలాడేయగానే స్కాన్ మొదలుపెట్టారు. రిపోర్టులో ఇలా ఉంది: గుండె వేగం నిమిషానికి 26. రెండో డిగ్రీ ఏవీ బ్లాక్. ఫ్రాక్షనల్ షార్టెనింగ్ 25 శాతం. మైట్రల్ వాల్వులో ఒక మోస్తరు లీకు, ట్రైకస్పిడ్, అయోర్టిక్ వాల్వుల్లో కొద్దిగా లీకు. ఎడమ కర్ణిక సైజు నార్మల్. చివర్లో "గుండె సంకోచం తగ్గింది" అని రాశారు. గుర్రానికి హార్ట్ ఫెయిల్యూర్ మొదలైందని మా బావమరిది అంటున్నాడు. మత్తులో తీసిన స్కాన్ చెత్తబుట్టలో వేయాల్సిందేనని, గుండె జబ్బున్న గుర్రానికి మత్తిస్తే ప్రాణానికే ముప్పని ఇంకో మిత్రుడు అంటున్నాడు. మళ్లీ స్కాన్ చేయిద్దామనుకుంటున్నాం. ఈసారి మత్తు ఇప్పించాలా, వద్దా? గుర్రం మేత బాగానే తింటోంది, చలాకీగానే ఉంది. (పేరు రాయవద్దన్నారు)

జవాబు: ముందు మీ అమ్మాయి సంగతి చెబుతాను. మళ్లీ పరీక్ష అయ్యేదాకా ఆమెను గుర్రం ఎక్కనివ్వకండి. గుర్రానికి జబ్బు ఉందని తేలిందని ఈ మాట అనడం లేదు. ఒక శబ్దం వినిపించింది, దాని సంగతి ఇంకా తేలలేదు, పైన కూర్చునేది చిన్నపిల్ల. కొద్ది వారాలు ఆగితే పోయేదేమీ లేదు. అలాగని గుర్రాన్ని లాయంలో కట్టి ఉంచకండి. ఎప్పటిలాగే బయట తిరగనివ్వండి, సైసు (గుర్రాన్ని చూసుకునే మనిషి) పట్టుకుని నడిపించవచ్చు.

ఇక రిపోర్టు. మీరు రాసిన అంకెలను బట్టి ఈ గుర్రం గుండె బలహీనపడిందని నేను చెప్పలేను. పూర్తిగా బాగుందని కూడా ఇప్పుడే చెప్పను. ఆ రోజు స్కాన్‌లో కనిపించినవాటిలో కొన్ని గుర్రం గుండెవి, కొన్ని జైలజీన్ చేసిన పనులు. రెండింటినీ విడదీయకుండా కింద ఒకే వాక్యంలో అభిప్రాయం రాసేశారు. మీ బావమరిదిగారు ఆ వాక్యం పట్టుకున్నారు. మీ మిత్రుడేమో రిపోర్టు మొత్తాన్నే పారేయమంటున్నారు. అందులో పనికొచ్చే సమాచారం చాలా ఉంది, పారేయకండి.

జైలజీన్ ఏం చేస్తుందో కొంచెం వివరంగా చెప్పాలి, అది తెలిస్తే మీ రిపోర్టు మీరే చదువుకోగలుగుతారు. ఈ మందును 1962లో జర్మనీలోని బేయర్ కంపెనీ తయారుచేసింది. మొదట మనుషుల బీపీ తగ్గించడానికి పనికొస్తుందేమోనని చూశారు. మత్తు ఎక్కువ కావడం, బీపీ మరీ పడిపోవడం చూసి మనుషులకు వద్దనుకున్నారు. పశువైద్యంలో మాత్రం అది స్థిరపడిపోయింది. డెటోమిడిన్, రోమిఫిడిన్ కూడా ఇదే జాతి మందులు. వీటన్నిటినీ కలిపి ఆల్ఫా-2 మందులు అంటారు. మెదడు మీద పనిచేసి గుర్రాన్ని నిలబడినచోటే మత్తులోకి దించుతాయి, నొప్పి కూడా తగ్గిస్తాయి. గుర్రాల డాక్టరు సంచిలో ఇవి లేకపోతే రోజు గడవదు.

అయితే ఇవి మెదడుతో ఆగవు. నరంలోకి వెళ్లిన మొదటి కొన్ని నిమిషాల్లోనే ఒంట్లోని చిన్న రక్తనాళాలు బిగుసుకుంటాయి. బీపీ పైకి వెళుతుంది. బీపీ పెరిగిందని పసిగట్టిన శరీరం గుండెను నెమ్మదించమంటుంది, వేగం పడిపోతుంది. కాసేపటికి రక్తనాళాల బిగువు సడలుతుంది. మెదడు నుంచి గుండెకు వెళ్లే ఉత్తేజం మాత్రం ఇంకా తగ్గే ఉంటుంది. అప్పుడు బీపీ మామూలు స్థాయికి, ఒక్కోసారి అంతకంటే కిందికి దిగుతుంది. ఈ మొత్తం సమయంలో గుండె నిమిషానికి పంపే రక్తం గణనీయంగా తగ్గుతుంది. ఆరోగ్యమైన గుర్రంలోనూ ఇదే జరుగుతుంది. మీ గుర్రం తల వేలాడేయగానే స్కాన్ మొదలుపెట్టారని రాశారు. అంటే రక్తనాళాలు బాగా బిగుసుకుని ఉన్న సమయంలోనే కొలతలు తీసి ఉంటారు.

పొలం ఉన్నవారు కాబట్టి మీకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మోటారు నడుస్తుండగా నీళ్లు బయటికి వెళ్లే పైపు దగ్గర గేట్ వాల్వు సగం మూసేశామనుకోండి. మోటారు అదే, దాని హార్స్‌పవరూ అదే. కానీ బయటికొచ్చే నీళ్లు తగ్గుతాయి, పైపులో ఒత్తిడి పెరుగుతుంది. ఎక్కడైనా జాయింటు సరిగ్గా లేకపోతే అంతకుముందు చెమ్మగా ఉన్నచోట ఇప్పుడు చిమ్ముతుంది. అది చూసి మోటారు కాలిపోయిందని ఎవరూ అనరు, ముందు గేట్ వాల్వు చూస్తారు.

ఫ్రాక్షనల్ షార్టెనింగ్ అంటే గుండెలోని ఎడమ జఠరిక (ఎడమవైపు కింది గది) ఎంత ముడుచుకుంటోందో చెప్పే లెక్క. నిండుగా ఉన్నప్పటి వెడల్పులోంచి, ముడుచుకున్నప్పటి వెడల్పు తీసేసి, వచ్చినదాన్ని మొదటి అంకెతో భాగిస్తారు. మీ గుర్రమంత సైజు థరోబ్రెడ్‌కు ఎడమ జఠరిక నిండుగా ఉన్నప్పుడు 11 నుంచి 12 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. ఉదాహరణకు 11.5 సెంటీమీటర్ల జఠరిక 7.5కు ముడుచుకుంటే దాదాపు 35 శాతం. అదే జఠరిక 8.6 దగ్గర ఆగిపోతే 25 శాతం. తేడా ఒక్క సెంటీమీటరు పైచిలుకు. గుర్రాల్లో సుమారు 30 నుంచి 45 శాతం దాకా మామూలుగా చూస్తాం. జైలజీన్, డెటోమిడిన్ లాంటివి ఇచ్చాక ముడుచుకున్నప్పటి వెడల్పు పెరుగుతుంది, ఎందుకంటే బిగుసుకున్న నాళాల్లోకి గుండె పూర్తిగా ఖాళీ కాలేదు. నిండుగా ఉన్నప్పటి వెడల్పు మారేది తక్కువే. ఫలితంగా శాతం పడిపోతుంది. గుండె కండరం దెబ్బతిన్న గుర్రంలోనూ శాతం ఇలాగే పడిపోతుంది. రెండింటికీ తేడా ఈ ఒక్క అంకెలో కనపడదు. "గుండె సంకోచం తగ్గింది" అన్న వాక్యాన్ని నేను పక్కన పెట్టమనడానికి కారణం ఇదే. సంకోచం ఆ నిమిషంలో నిజంగానే తగ్గింది. ఎందుకు తగ్గిందో ఆ స్కాన్ చెప్పలేదు.

గుండె వేగం 26, రెండో డిగ్రీ బ్లాక్, ఈ రెండూ చూసి భయపడకండి. విశ్రాంతిగా ఉన్న గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 దాకా కొట్టుకోవడం మామూలు. జైలజీన్ మీద 26 అంటే ఊహించదగినదే. ఇక ఏవీ బ్లాక్ అంటే పై గదులు ఇచ్చిన సంకేతం ఒక్కోసారి కింది గదులకు అందక ఒక కొట్టు తప్పిపోవడం. మనిషిలో అయితే కార్డియాలజిస్టు దగ్గరికి పరిగెత్తాల్సిన మాట కావచ్చు. గుర్రాల్లో, ముఖ్యంగా శిక్షణ పొందిన రేసు గుర్రాల్లో, ఏ మందూ లేకుండానే విశ్రాంతిలో ఇది తరచూ వినిపిస్తుంది. నాలుగడుగులు ట్రాట్ (నెమ్మది పరుగు) చేయిస్తే మాయమవుతుంది. ఆల్ఫా-2 మందులు ఇస్తే ఇది ఇంకా ఎక్కువవుతుంది, లేనిచోట కొత్తగా కనిపిస్తుంది. మత్తు లేనప్పుడు, కాస్త పరుగు పెట్టించాక కూడా కొట్లు తప్పుతుంటే అప్పుడు ఆలోచించాలి. ఒకదాని సంగతి మాత్రం వేరు. గుండె ఏ వరసా లేకుండా, ఒక లయ అంటూ లేకుండా కొట్టుకుంటూ, ఈసీజీలో పై గదుల పీ తరంగాలే కనపడకపోతే అది ఆట్రియల్ ఫిబ్రిలేషన్. దాన్ని మత్తు ఖాతాలో వేసి వదిలేయకూడదు. మీ రిపోర్టులో ఆ మాట లేదు.

లీకుల దగ్గర కొంచెం జాగ్రత్తగా మాట్లాడాలి. గుండె నుంచి బయటికి వెళ్లే దారిలో ఒత్తిడి పెరిగినప్పుడు రక్తం వెనక్కి తన్నడం ఎక్కువవుతుంది. అందుకే మైట్రల్ (ఎడమ కర్ణికకూ ఎడమ జఠరికకూ మధ్య ఉండే వాల్వు) లీకు ఉన్నదానికంటే పెద్దగా కనిపించవచ్చు, అయోర్టిక్ లీకూ అంతే. ఆరోగ్యమైన గుర్రాలకు డెటోమిడిన్, రోమిఫిడిన్ ఇచ్చి చూసినప్పుడు అంతకుముందు లేని చిన్న లీకులు కలర్ డాప్లర్‌లో (రక్త ప్రవాహాన్ని రంగుల్లో చూపే స్కాన్‌లో) బయటపడ్డాయి. కాబట్టి మీ రిపోర్టులో "కొద్దిగా" అని ఉన్న ట్రైకస్పిడ్, అయోర్టిక్ లీకులు మత్తు లేని స్కాన్‌లో కనిపించకపోయినా ఆశ్చర్యం లేదు. పైగా రేసుల్లో పరిగెత్తిన థరోబ్రెడ్‌లకు చిన్న ట్రైకస్పిడ్ లీకు ఉండటం చాలా మామూలు.

మైట్రల్ లీకు సంగతి అలా కొట్టిపారేయలేం. ఎందుకంటే టీకాలు వేసిన డాక్టరుగారు ఎడమవైపు శబ్దం విన్నది మత్తు ఇవ్వకముందు, వేరే రోజున. ఆ శబ్దానికి జైలజీన్‌కూ సంబంధం లేదు. గుండె ముడుచుకునేటప్పుడు ఎడమ మోచేయి దగ్గర వినిపించే శబ్దమైతే మైట్రల్ వాల్వు లీకుతో చక్కగా సరిపోతుంది. కాబట్టి అక్కడ లీకు ఉంది అనుకునే ముందుకు వెళ్లాలి. ఎంత ఉంది అన్నదే తేలాలి. ఆ "ఒక మోస్తరు" అన్నది మత్తు లేకపోతే "కొద్దిగా" అవుతుందేమో చూడాలి. (శబ్దం ఏ సమయంలో విన్నారో, గుండె ముడుచుకునేటప్పుడా, వదులయ్యేటప్పుడా, ఆ డాక్టరుగారిని ఒకసారి ఫోన్ చేసి అడగండి. మీ ఉత్తరంలో ఆ వివరం లేదు, నిర్ధారణకు అది చాలా ముఖ్యం.)

ఇదే రిపోర్టులో నాకు ధైర్యం ఇచ్చిన మాట ఒకటుంది, ఎడమ కర్ణిక సైజు నార్మల్ అన్నది. మైట్రల్ వాల్వు చాలాకాలంగా బాగా కారుతుంటే వెనక్కి వచ్చే రక్తాన్ని పట్టుకోవడానికి ఎడమ కర్ణిక సాగిపోతుంది, తర్వాత జఠరికా ఉబ్బుతుంది. ఆ సాగడానికి నెలలు, ఏళ్లు పడుతుంది. ఒక ఇంజెక్షన్‌తో నిమిషాల్లో రాదు, పోదు. మత్తు మందు ఇలాంటి సైజులను కొద్దిగా అటూ ఇటూ చేస్తుందేమో గానీ, బాగా ఉబ్బిన కర్ణికను నార్మల్‌గా చూపించే శక్తి దానికి లేదు. అలాగే వాల్వు రెక్కలు మందంగా ఉన్నాయా, దాన్ని పట్టి ఉంచే తంతువు ఏదైనా తెగిందా, గుండె చుట్టూ నీరు చేరిందా, గదుల మధ్య గోడకు రంధ్రం ఉందా, ఇవన్నీ మత్తులో తీసినా నమ్మదగినవే. మీ డాక్టరు ఈ బొమ్మలు సేవ్ చేసి ఉంటారు, అడిగి తీసుకోండి. రెండో స్కాన్ పక్కన పెట్టి చూడటానికి పనికొస్తాయి. రంధ్రం ఉన్న గుర్రాల యజమానులకు మాత్రం ఒక మాట. ఆ రంధ్రంలోంచి రక్తం దూసుకెళ్లే వేగాన్ని బట్టి అది చిన్నదా పెద్దదా అని అంచనా వేస్తారు. ఆల్ఫా-2 మందు ఎడమవైపు ఒత్తిడి పెంచుతుంది కనుక ఆ వేగం కూడా అసలు కంటే ఎక్కువగా రావచ్చు.

ఇక మీరు అడిగిన అసలు ప్రశ్న. ఈసారి మత్తు ఇప్పించాలా, వద్దా?

వీలైతే వద్దు. కానీ "వద్దు" అనేసి, బెదిరిన గుర్రాన్ని నలుగురు పట్టుకుని స్కాన్ చేయించడం కూడా తప్పే. భయపడ్డ గుర్రం గుండె నిమిషానికి 60, 70 దాకా వెళుతుంది. ఆ వేగంలో గుండె నిండటానికి దొరికే సమయం తగ్గుతుంది, అడ్రినలిన్ వల్ల సంకోచం అసలు కంటే బలంగా కనిపిస్తుంది. కొలతలు ఈసారి ఇంకో దిక్కుకు తప్పుతాయి. మత్తులో అంకె తగ్గితే భయంలో పెరుగుతుంది. మనకు కావాల్సింది మామూలుగా, తన లాయంలో నిలబడి గడ్డి నములుతున్నప్పటి గుండె. అదీగాక గుర్రం ఛాతీ లోతు తక్కువేమీ కాదు, ప్రోబు (ఒంటికి ఆనించే స్కాన్ పరికరం) నుంచి గుండె అవతలి గోడ దాకా 25 నుంచి 30 సెంటీమీటర్లు చూడాలి. అందుకే తక్కువ ఫ్రీక్వెన్సీ ప్రోబును మోచేయి పైన ఉండే కండరాల కిందుగా, నాలుగో పక్కటెముకల సందు దగ్గర గట్టిగా నొక్కి పెడతారు. కుడి ముందుకాలు కాస్త ముందుకు వేయించాలి. గుర్రం ఒక్క అడుగు వెనక్కి వేస్తే బొమ్మ పోతుంది. అరగంట నుంచి ముప్పావుగంట ఇలా ఓపిగ్గా నిలబడాలి. డాక్టరు తల ఆ సేపంతా గుర్రం మోచేతికి ఆనుకునే ఉంటుంది. ఒక్క తన్ను చాలు ప్రమాదానికి.

మీ గుర్రం బెదిరింది స్కాన్‌కు కాదు, క్లిప్పర్ శబ్దానికి. ఇది మీకు మంచి వార్త, ఎందుకంటే దాన్ని అలవాటు చేయవచ్చు. రెండు మూడు వారాలు సమయం తీసుకోండి. రోజూ మేత వేళకు క్లిప్పర్‌ను దూరంగా ఆన్ చేసి పెట్టండి. పట్టించుకోవడం మానేశాక దగ్గరికి తేండి, తర్వాత ఆపి ఉన్న క్లిప్పర్‌ను ఒంటికి ఆనించండి, చివరికి నడుస్తున్నది ఆనించండి. పక్కన క్యారెట్ ముక్కలు ఉండనే ఉంటాయి. ఇంకా మంచిది, స్కాన్‌కు ముందురోజే మోచేయి వెనక రెండువైపులా వెంట్రుకలు తీయించేయండి, అప్పుడు ఆ రోజు క్లిప్పర్ అవసరమే ఉండదు. అలాగే సైసు రోజూ అరచేత్తోనో, బ్రష్ వెనక భాగంతోనో మోచేయి లోపలివైపు గట్టిగా నొక్కి కొన్ని నిమిషాలు పట్టుకోవాలి. అక్కడ చక్కిలిగింతలు ఎక్కువ. స్పిరిట్ తడి, జెల్ చల్లదనం కూడా ముందే పరిచయం చేయండి. కుడికాలు ముందుకు వేసి నిలబడటం అలవాటు చేయండి. ఇవన్నీ మీ అమ్మాయి కూడా చేయవచ్చు, పెద్దవాళ్లు పక్కన ఉండగా, తను నేల మీదే నిలబడి, గుర్రం ప్రశాంతంగా ఉన్నప్పుడు.

స్కాన్ తెల్లవారుజామున, చల్లపూట పెట్టించుకోండి. తన లాయంలోనే చేయించండి, రోజూ చూసే సైసే పట్టుకోవాలి. తోటి గుర్రం ఉంటే కనిపించేలా కట్టేయండి. జెనరేటర్ ఆన్ చేయాల్సి వస్తే స్కాన్‌కు చాలాముందే ఆన్ చేసేయండి. లోపల ఇద్దరు ముగ్గురికి మించి మనుషులు వద్దు, ఫోన్లు సైలెంట్. డాక్టరు వచ్చీ రాగానే మొదలుపెట్టకుండా గుండె వేగం మామూలుకు దిగేదాకా ఆగమనండి. పై పెదవికి ట్విచ్ (కర్రకు కట్టిన తాడు ఉచ్చు) బిగించి నిలబెట్టే పద్ధతి మన దగ్గర చాలాచోట్ల ఉంది. అది మొదటి నాలుగైదు నిమిషాలు గుర్రాన్ని శాంతపరుస్తుంది, ఆ తర్వాత అదే ఒత్తిడిగా మారుతుంది. వెంట్రుకలు తీయడానికి సరే, ముప్పావుగంట ఎకోకు పనికిరాదు. చెవి మెలిపెట్టడం అసలు వద్దు.

ఇంత చేసినా నిలబడకపోతే? అప్పుడు మత్తు ఇప్పించండి, ఇందులో సిగ్గుపడాల్సింది గానీ రాజీపడాల్సింది గానీ ఏమీ లేదు. మనుషులకు దెబ్బలు తగలకుండా తీసిన స్కాన్ ముఖ్యం. అయితే వరస మార్చమనండి. సూది వేయకముందే గుండె వేగం లెక్కపెట్టి, శబ్దం విని, గ్రేడు రాసుకుని, ఈసీజీ తీసుకోవాలి. వీలైనన్ని బొమ్మలు, కనీసం కుడివైపు నుంచి జఠరిక కొలతలు, ముందే తీసుకోవాలి. రెండు నిమిషాలు నిలబడినా ఒక మంచి కొలత దొరుకుతుంది. మిగిలినవి మత్తు ఇచ్చాక పూర్తిచేయవచ్చు. రిపోర్టులో ఏ అంకె మత్తుకు ముందు, ఏది తర్వాత అన్నది విడిగా రాయించండి.

ఏ మందు అన్నది మీ డాక్టరుగారి నిర్ణయం, గుర్రాన్ని చూసి ఆయనే తేల్చాలి. నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెబుతున్నా. మీ గుర్రంలాంటి కేసులో, జబ్బు లక్షణాలేవీ లేకుండా కేవలం బెదురు ఉన్నప్పుడు, ఎసిప్రోమజిన్ తక్కువ మోతాదులో ఇవ్వడాన్ని ముందు ఆలోచిస్తాను. ఇది ఆల్ఫా-2 జాతి కాదు. గుండె వేగాన్ని పడగొట్టదు, ఎకో కొలతల్లో తెచ్చే మార్పు చాలా తక్కువ. దానికి కొన్ని పరిమితులున్నాయి. నరానికి ఇచ్చినా పూర్తిగా పనిచేయడానికి 20, 30 నిమిషాలు పడుతుంది, ఆ సేపు గుర్రాన్ని ఎవరూ కదిలించకూడదు. ఇప్పటికే బెదిరి ఊగిపోతున్న గుర్రం మీద పెద్దగా పనిచేయదు, అందుకే మత్తుకు ముందు తీసే కొలతలు అయ్యాక, గుర్రం బెదరకముందే ఇది ఇవ్వడం మంచిది. నొప్పి తగ్గించదు. రక్తనాళాలను వదులు చేస్తుంది కాబట్టి బీపీ తగ్గుతుంది. నీరసించిన, ఒంట్లో నీరు తగ్గిన, రక్తం పోయిన గుర్రానికి ఇవ్వకూడదు. నాళాలు వదులవడం వల్ల లీకు ఉన్నదానికంటే కాస్త చిన్నగా కనిపించే వీలుంది, అది డాక్టరు మనసులో పెట్టుకోవాలి. మగగుర్రాలున్న పాఠకులకు ఒక హెచ్చరిక: ఈ మందుతో అంగం బయటికి వేలాడి, అరుదుగా వెనక్కి వెళ్లకుండా శాశ్వతంగా దెబ్బతింటుంది. విత్తనపు గుర్రాలకు చాలామంది డాక్టర్లు దీన్ని ఇవ్వరు.

అది చాలకపోతే జైలజీన్ తక్కువ మోతాదులో, అవసరమైతే బ్యుటార్ఫనాల్ (నొప్పి తగ్గించే మందు) కలిపి ఇవ్వవచ్చు. కలిపి ఇస్తే తక్కువ జైలజీన్‌తో పని అయిపోతుంది. ఇదే జాతిలో జైలజీన్‌కే మొగ్గు ఎందుకంటే దాని ప్రభావం త్వరగా దిగుతుంది, అరగంట, ముప్పావుగంటలో మత్తు చాలావరకు వదిలిపోతుంది. డెటోమిడిన్, రోమిఫిడిన్ ఎక్కువసేపు ఉంటాయి. పళ్లు అరగదీయడానికి, గాయానికి కుట్లు వేయడానికి అవి చక్కటి మందులు, గుండె కొలతలకు మాత్రం నేను అడగను. ఏది ఇచ్చినా మందు పేరు, మోతాదు, ఇచ్చిన టైము, కొలత తీసిన టైము, ఆ క్షణాన గుండె వేగం, ఇవన్నీ రిపోర్టులో ఉండాలి. వచ్చే ఏడాది పోల్చి చూసేటప్పుడు ఈ వివరాలు లేకపోతే రెండు స్కాన్ల మధ్య తేడా జబ్బు ముదరడం వల్లనో, మందు మారడం వల్లనో ఎవరూ చెప్పలేరు.

గుండె జబ్బున్న గుర్రానికి మత్తిస్తే ప్రాణం పోతుందన్న మీ మిత్రుడి భయంలో కొంత నిజముంది. ఛాతీ కింద వాపు, ఆయాసం, విశ్రాంతిలోనే గుండె వేగం ఎక్కువగా ఉండటం, పడిపోవడం, ఇలాంటివి ఉన్న గుర్రానికి ఆల్ఫా-2 మందు ఇవ్వడమంటే నిజంగా ప్రమాదమే. అలాంటి గుర్రాలు సాధారణంగా నీరసంగా ఉంటాయి, మత్తు లేకుండానే నిలబడతాయి. మీది తింటోంది, తన్నుతోంది, చలాకీగా ఉంది. డాక్టరు ముందు పరీక్షించి, తక్కువ మోతాదులో, ఆయనే ఇస్తే తట్టుకుంటుందని భావించవచ్చు. మొన్న తట్టుకుంది కూడా. ఒక్కటే మాట, మత్తు మందు సీసా ఇంట్లో పెట్టుకుని సైసు చేత ముందే వేయించే పని ఎప్పుడూ చేయకండి. మెడ నరం పక్కనే ధమని ఉంటుంది, సూది అందులోకి వెళితే గుర్రం అక్కడికక్కడే కూలిపోవచ్చు.

మత్తులో ఉన్న గుర్రం నిద్రపోతున్నట్టు కనిపిస్తుంది గానీ ఆల్ఫా-2 మందుల మీద ఉన్నవి ఉన్నట్టుండి, గురిచూసి తన్నగలవు. తల కిందికి వేలాడుతోంది కదా అని వెనక నుంచి నడవకండి. కాళ్లు తడబడతాయి కాబట్టి కింద నేల జారకుండా ఉండాలి. పూర్తిగా తేరుకునేదాకా, కనీసం గంటా రెండు గంటలు, మేత పెట్టకండి. మింగడం సరిగా రాక గొంతులో అడ్డుపడుతుంది. తర్వాత మూత్రం ఎక్కువ పోస్తుంది, అది మందు వల్లే. రేసుల్లో ఉన్న గుర్రాలైతే ఈ మందులన్నీ పోటీ రోజున ఒంట్లో ఉండకూడనివి. మలక్‌పేటలో గానీ మరెక్కడ గానీ పరిగెత్తే గుర్రానికి స్కాన్ తేదీ పెట్టుకునేముందు ట్రైనరుకు, అక్కడి వెటర్నరీ డాక్టరుకు చెప్పి తీరాలి.

రెండో స్కాన్‌లో ఎడమ కర్ణిక నార్మల్‌గానే ఉండి, మైట్రల్ లీకు కొద్దిగానే ఉండి, సంకోచం మామూలుగా వస్తే తర్వాతి మెట్టు పరుగులో ఈసీజీ. గుర్రానికి చిన్న రికార్డర్ కట్టి, అది మామూలుగా చేసే పని, అంటే ట్రాట్, క్యాంటర్ (ట్రాట్ కంటే వేగమైన పరుగు), చేయించి లయ చూస్తారు. మొదటిసారి లుంజ్ తాడు (గుర్రాన్ని చుట్టూ తిప్పే పొడవాటి తాడు) మీద చేయించండి, లేదా అనుభవమున్న పెద్దవాళ్లు ఎక్కాలి. అందులో తేడా ఏమీ లేకపోతే మీ అమ్మాయి మళ్లీ స్వారీ చేయడానికి నాకు అభ్యంతరం కనిపించడం లేదు. ఏడాదికోసారి ఎకో తీయిస్తే చాలు. కొద్దిపాటి మైట్రల్ లీకుతో ఏళ్ల తరబడి హాయిగా స్వారీకి పనికొచ్చే గుర్రాలు చాలా ఉన్నాయి. ఒకవేళ మత్తు లేకుండా తీసినా 25 శాతమే వస్తే, లేదా కర్ణిక పెరిగినట్టు కనిపిస్తే, అప్పుడు మాట వేరు. గుండె కండరానికి దెబ్బ తగిలిందా అని రక్తంలో ట్రోపోనిన్ పరీక్ష చేయించాలి, స్వారీ ఆపేయాలి.

ఈలోగా మీరు చేయాల్సిన పని ఒకటుంది. రోజూ పొద్దున్నే, మేత వేయకముందు, గుర్రం నిశ్శబ్దంగా ఉన్నప్పుడు గుండె వేగం లెక్కపెట్టండి. కింది దవడ ఎముక లోపలి అంచున వేలు ఆనిస్తే తాడులా నాడి తగులుతుంది. స్టెతస్కోపు ఉంటే ఎడమ మోచేయి వెనక పెట్టండి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించకండి, గుర్రం గుండె నెమ్మది కాబట్టి అలా చేస్తే లెక్క తప్పుతుంది, నిమిషం పూర్తిగా లెక్కపెట్టాలి. ఈ పని మీ అమ్మాయికి అప్పగించండి. తేదీ, అంకె, మధ్యలో కొట్టు తప్పిందా లేదా అన్నది నోట్‌బుక్‌లో రాయమనండి. స్కాన్ రోజున డాక్టరుకు ఆ పుస్తకం చూపిస్తే, గుర్రం అసలు వేగం ఎంతో, ఆ రోజు భయంతో ఎంత పెరిగిందో, మందుతో ఎంత తగ్గిందో ఆయనకు వెంటనే తెలుస్తుంది. వరసగా రెండు మూడు రోజులు 50 దాటి ఉన్నా, పొట్ట కింద గానీ ఛాతీ ముందు గానీ వాపు కనిపించినా, తల ఎత్తి నిలబడినప్పుడు మెడ నరం సగం దాకా కొట్టుకుంటున్నట్టు అనిపించినా, నడకలో తూలినా రెండో స్కాన్ తేదీ కోసం ఎదురుచూడకండి, అదే రోజు డాక్టరును పిలిపించండి.